వీధి వైపు తిప్పిన చెప్పులు

అక్సరాయ్ బజారులో ఇద్రీస్ కొట్టుకి వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు నానా తిప్పలూ పడేవాళ్లు. మర్యాద తెలిసిన ఏ దుకాణదారైనా బేరం కుదిరాక పెద్దమనుషుల చెప్పులు వీధి వైపు తిప్పి పెడతాడు, కాళ్లు దూర్చి దర్జాగా నడిచిపోవడానికి. ఇద్రీస్ అలా చెయ్యడు సరికదా, పొరపాటున వీధి వైపు తిరిగి ఉన్నవాటిని వంగి మరీ లోపలి వైపు తిప్పేవాడు. దాంతో పాపం ఆ వచ్చినవాళ్లు కొట్టు వైపే మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, కాలితో తడుముకుంటూ చెప్పులు వేసుకోవాల్సి వచ్చేది. లావుపాటి పన్నుల అధికారి ఒకాయన అలా నడవబోయి ఎదుటి కొట్టువాడి ద్రాక్షబుట్టలో కూర్చున్నాడు కూడా.

"ఏంటయ్యా ఈ అలవాటు?" అని ఎవరైనా అడిగితే, "మా గురువుగారి దగ్గర ఇంతే" అనేవాడు. ఏ గురువుగారని అడిగితే మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

మనిషి పనిమంతుడు. గొర్రె ఉన్నిని ఏకి, తడిపి, రెల్లు చాపలో చుట్టి, కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరిచి కంబళ్లు చేస్తాడు. అతను తొక్కిన కంబళి మీద నీళ్లు పోస్తే జారిపోతాయే తప్ప ఇంకవు. కానీ ఫకీర్లు పెట్టుకునే పొడుగు ఉన్నిటోపీలు మాత్రం ఎవరడిగినా చేసేవాడు కాదు. "ఆ టోపీ ముట్టుకునే అర్హత నాకు లేదు" అనేవాడు. ఎందుకు లేదో భార్య ఎస్మా ఒక్కదానికే తెలుసు.

పదేళ్ల కిందటి దాకా ఇద్రీస్ కూడా ఫకీరే. హసన్ కొండకి అవతల, ముహ్సిన్ తాత నడిపే ఫకీర్ల మఠంలో, ఖాన్‌ఖాలో ఉండేవాడు. ముహ్సిన్ తాత ఖురాసాన్ మనిషి. మంగోలు గుర్రాలు ఆ దేశాన్ని తొక్కేసినప్పుడు కట్టుబట్టలతో పారిపోయి వచ్చి, కూలిపోయిన గొర్రెల దొడ్డికి తన చేత్తోనే కప్పు వేసుకుని అందులో ఉండిపోయాడు. ఆయన వడ్రంగి. ఉపన్యాసాలు చెప్పడం ఆయనకి రాదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా, పేరూ ఊరూ మతమూ అడక్కుండా, "కాళ్లు తడిశాయా?" అని అడిగేవాడు. తడిస్తే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కాళ్లు ఒత్తేవాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఎన్ని ఊళ్లవాళ్లు ఆయన శిష్యులయ్యారో లెక్క లేదు. ఇద్రీస్ కూడా అలా తడిసిన కాళ్లతో వచ్చి ఉండిపోయినవాడే.

ఆ ఖాన్‌ఖాలో చెప్పులన్నీ లోపలి వైపు మొహం పెట్టుకుని ఉండేవి. వెళ్లేవాళ్లు తాతకి వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూ చెప్పుల్లో కాళ్లు పెట్టుకునేవాళ్లు. కొత్తగా చేరినవాడికి పాతవాళ్లు మొదటి రోజే చెవిలో ఒక మాట వేసేవాళ్లు: "తాత ఎవర్నీ నోటితో పొమ్మనడు. నీ చెప్పులు వీధి వైపు తిప్పి ఉన్నాయంటే నీ పని అయిపోయినట్టే. గడప ముద్దుపెట్టుకుని వెళ్లిపో. ఎందుకని అడక్కూడదు." ఇద్రీస్‌కీ చెప్పారు. అతనూ తర్వాత వచ్చినవాళ్లకి అంతే గంభీరంగా చెప్పాడు.

ఒక చలికాలం, మంచులో చిక్కుకుని కైసరీ బట్టల వర్తకుడొకాయన ఖాన్‌ఖాకి వచ్చాడు. ఆయన పేరు హాజీ నుస్రత్. ఒళ్లంతా పట్టూ గర్వమూ. భోజనానికి అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు. అక్కడ వేరే కంచాలుండవు, ఎవరి అంచున వాళ్లు తినడమే. అక్కడా ఉన్ని పనే చేస్తూ, దానికి వేసే రంగులతో నల్లబడ్డ ఇద్రీస్ చేతుల్ని చూసి హాజీ మొహం చిట్లించుకున్నాడు.

"ఆ చెయ్యి పెట్టిన పళ్లెంలోనా నేను తినేది? నాకు వేరే గిన్నె తెప్పించండి" అన్నాడు.

ఇద్రీస్‌కి కోపం ముక్కు మీదే ఉండేది ఆ రోజుల్లో. "వేరే గిన్నె కావాలంటే గుర్రాల కొట్టంలో తొట్టి ఉంది హాజీగారూ. అందులో మీ గుర్రం తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు" అనేశాడు.

ముహ్సిన్ తాత తలొంచుకుని, తింటున్న రొట్టె అక్కడే వదిలేసి, లేచి లోపలికి వెళ్లిపోయాడు. అన్నం ముందు నుంచి ఆయన లేచిపోవడం ఇద్రీస్ ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున నీళ్ల కోసం బయటికి వచ్చేసరికి గుమ్మంలో అందరి చెప్పులూ లోపలి వైపు ఉన్నాయి. ఇద్రీస్ చెప్పులు మాత్రం వీధి వైపు తిరిగి, పక్కపక్కనే శుభ్రంగా సర్ది, పైన మంచు దులిపి పెట్టి ఉన్నాయి. కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి గడప ముద్దుపెట్టుకుని, చెప్పులు వేసుకుని, వీపు చూపించి నడిచి వెళ్లిపోయాడు. ఎందుకని అడగలేదు.

ఈ కథ విన్నప్పుడల్లా ఎస్మా ఒంటికి కారం రాసుకున్నట్టయ్యేది. "ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందయ్యా?" అనేది.

"అడక్కూడదు. అది మా పద్ధతి."

"వెళ్లగొట్టిన వాళ్ల పద్ధతి ఇంకా మోస్తున్నావు చూడు, నిన్నేమనాలి!"

ఇద్రీస్ నవ్వేసి ఉన్ని తొక్కుకునేవాడు. నవ్వేవాడే గానీ, వానలో ఎవరైనా కొట్లోకి పరిగెత్తుకొస్తే "కాళ్లు తడిశాయా?" అని అడిగి, అడిగిన వెంటనే మొహం పక్కకి తిప్పుకునేవాడు. తనని వద్దన్న మనిషి మాటని తన నోటితో అనే హక్కు ఉందా లేదా అన్నది అతనికి ఎన్నేళ్లయినా తేలలేదు.

మంచు కరుగుతున్న రోజుల్లో, తెల్లగడ్డం ముసలాయన ఒకడు కొట్టుకి వచ్చాడు. సాదా నూలు అంగీ వేసుకున్నాడు. ఇద్రీస్ చూడగానే గుర్తుపట్టాడు. ఆయన మాత్రం ఇద్రీస్‌ని గుర్తుపట్టలేదు. అవమానించినవాళ్లకి అవతలి మొహాలు గుర్తుండవు కదా.

"దళసరి కంబళి ఒకటి కావాలి, త్వరగా. హసన్ కొండ అవతల ముహ్సిన్ తాతగారికి ఒంట్లో బాగోలేదు. చూపు కూడా పోయింది. ఈ వసంతం దాటరంటున్నారు. ఆయనకి చలి ఎక్కువగా ఉందిట" అన్నాడు హాజీ నుస్రత్.

ఇద్రీస్ కాళ్లు చాప మీద ఆగిపోయాయి. మళ్లీ తొక్కడం మొదలుపెట్టి, "మీరు ఆయన శిష్యులా?" అని అడిగాడు.

"శిష్యుణ్ని అనుకునే ధైర్యం లేదు నాయనా. కానీ నేను మనిషినైంది అక్కడే. ఒకప్పుడు నా పొగరు ఇంతా అంతా కాదు. అక్కడ ఒక ఫకీరు చేతిని ఈసడించుకున్నాను. గుర్రం తొట్టిలో తినమన్నాడు." ముసలాయన తనలో తనే నవ్వుకున్నాడు. "ఆ మాట నా తలలోంచి పోలేదు. పక్క మీద దొర్లి దొర్లి, తెల్లారకముందే లేచాను. క్షమించమని అడగాలని ఉంది, నోరు రాలేదు. మా కైసరీలో పెద్దవాళ్ల చెప్పుల్ని నౌకర్లు వీధి వైపు తిప్పి పెడతారు చూడు, అలా ఆయన చెప్పులు నా చేత్తో మంచు దులిపి తిప్పి పెట్టాను. పుట్టి బుద్ధెరిగి ఒకరి చెప్పులు ముట్టుకోవడం నాకు అదే మొదటిసారి. ఆయన వేసుకునేటప్పుడు ఎదురుగా నిలబడి దణ్ణం పెడదామనుకున్నా. ఈలోగా నమాజుకి పిలిచారు. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. నా మీద కోపంతో వెళ్లిపోయాడన్నారు. ఆ బెంగ నాకు ఇప్పటికీ ఉంది."

ఇద్రీస్ చాప మీంచి దిగాడు. పూర్తయిన కంబళ్లలో అన్నిటికన్నా మెత్తనిది తీసి మడత పెట్టాడు. "ఇది నేనే పట్టుకెళ్తాను హాజీగారూ. మీరు నెమ్మదిగా రండి" అన్నాడు. ముసలాయన ఆశ్చర్యపోతూనే, వెనక్కి వెనక్కి నడిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తెర వెనక నుంచి ఎస్మా బయటికి వచ్చింది. అంతా వింది. దెప్పుతుందనుకున్నాడు. ఆమె దెప్పకుండా రొట్టెలూ ఎండు ద్రాక్షా మూటగట్టి గాడిద మీద పెట్టింది.

"ఇప్పుడే బయల్దేరు. ఆయన ఉండగానే చేరాలి."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను ఎస్మా? నన్ను పొమ్మనలేదు సరే. ఎవరూ పొమ్మనకుండానే ఇన్నేళ్లు మొహం చాటేసినవాణ్ని అయ్యాను కదా."

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లు. ఆయనకి ఎలాగూ కనిపించదుట" అంది ఎస్మా, కళ్లు తుడుచుకుంటూ.

దారంతా బురద. హసన్ కొండ మీంచి కరిగిన మంచు బాట మీదికి వాగులై వస్తోంది. ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఇద్రీస్ ఆపి, "ముహ్సిన్ తాత ఎలా ఉన్నారు?" అని అడిగాడు. ఉన్నారని ఒకడంటే ప్రాణం లేచొచ్చేది. తెలీదని ఇంకొకడంటే గాడిదని అదిలించేవాడు. ఆయన బతికుండగా ఒక్కసారి ఆ కాళ్ల మీద పడితే చాలు, తర్వాత ఏమన్నా పడతాననుకున్నాడు. ఒకచోట గాడిద వాగులో మొరాయిస్తే కంబళిని నెత్తిన పెట్టుకుని దాన్ని లాక్కుంటూ దాటాడు.

ఖాన్‌ఖా అలాగే ఉంది. గుమ్మంలో చెప్పులన్నీ లోపలి వైపు తిరిగి వరసగా ఉన్నాయి. ఇద్రీస్ గడప దాకా వచ్చి అక్కడే కూలబడ్డాడు. లోపలికి కాలు పెట్టడానికి ధైర్యం చాల్లేదు.

వంటింట్లోంచి నిగార్ గరిటెతో వచ్చింది. అప్పుడూ ఆమే వండేది, ఇప్పుడూ ఆమే. ఇద్రీస్‌ని చూసి గరిటె కింద పడేసింది.

"వచ్చావుట్రా దొరగారూ! ఇప్పటికి తీరిక దొరికిందా? ఆ ముసలాయన వాకిట్లో అలికిడైనప్పుడల్లా తలెత్తి చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయేది. అలిగితే మాత్రం ఇన్నేళ్లా?"

"అలగలేదక్కా..."

"మరి? ఏం, తిన్నది అరక్క పోయావా?"

"ఎవరే నిగార్, అక్కడ?" లోపల్నుంచి సన్నగా గొంతు వినిపించింది. ఆ వెంటనే, వచ్చిందెవరో తెలియకుండానే, అదే గొంతు అడిగింది: "కాళ్లు తడిశాయా?"

ఇద్రీస్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. బురద కాళ్లతోనే లోపలికి పరిగెత్తి ఆయన పక్క దగ్గర పడ్డాడు. తాత చెయ్యి చాచి అతని తల తడిమాడు, చెవులు తడిమాడు, రంగుతో గరుకెక్కిన వేళ్లు పట్టుకున్నాడు.

"ఇద్రీసా?"

"నేనే తాతా."

"పొయ్యి దగ్గరికి జరుగు ముందు. నీళ్లోడుతున్నావు."

కాళ్లు ఆరాక, కంబళి కప్పాక, ఇద్రీస్ మొత్తం చెప్పాడు. హాజీతో అన్న మాట, తాత రొట్టె వదిలి లేచిపోవడం, వీధి వైపు తిరిగిన చెప్పులు. నిగార్ గుమ్మంలోనే నిలబడి వింది.

"రొట్టె వదిలి లేచానా? నవ్వు ఆపుకోలేక పోయానురా! గుర్రం తొట్టి అన్నావు, హాజీగారి మొహం చూస్తే నాకు పొట్ట పగిలిపోయేలా ఉంది. అతిథి ముందు నవ్వితే బాగుండదని లోపలికి పోయి దిండు నోట్లో పెట్టుకున్నా" అన్నాడు తాత. ఆ తర్వాత ఆయన మొహం మారింది. "చెప్పులు తిప్పితే పొమ్మన్నట్టని నీకెవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు తాతా. నేనూ చెప్పాను అందరికీ."

"నేనెప్పుడైనా ఎవరివైనా తిప్పానా? నువ్వు చూశావా?"

ఇద్రీస్ ఆలోచించాడు. ఎంత వెతికినా ఒక్కరూ గుర్తుకి రాలేదు.

"నిగార్, నువ్వు చూశావా?"

"చూళ్లేదు తాతా. కానీ తిప్పుతారని నాకూ చెప్పారు. రోజూ పొద్దున్నే భయం భయంగా చూసుకునేదాన్ని" అంది నిగార్.

తాత కప్పు వైపు మొహం తిప్పాడు. "ఖురాసాన్‌లో ఊరు తగలబడుతుంటే పరిగెత్తాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచింది. వెనక్కి తిరిగితే కాళ్లాడవని తిరగలేదు. ఆమె చివరిసారి చూసింది నా వీపునే. అందుకే ఇక్కడ చెప్పులు లోపలికి తిప్పడం మొదలెట్టా. వెళ్లేవాడి మొహం ఉన్నవాడికి కడదాకా కనపడాలని. అంతేరా. దాన్ని పట్టుకుని మీరంతా ఇంత భయం అల్లుకున్నారా?"

తాత ఇద్రీస్ చెయ్యి ఇంకా వదల్లేదు. "అన్నేళ్లు నా పక్కన కూర్చుని తిన్నావు. నేను నిన్ను పొమ్మంటానని ఎలా అనుకున్నావురా?"

ఆ మాటకి ఇద్రీస్ గుండె చెరువైపోయింది. హాజీ చెప్పింది విన్నప్పుడు ఇన్నేళ్లూ పొరపాటున పోయాయే అని బాధపడ్డాడు. ఇప్పుడు తెలిసింది, పొరపాటు చెప్పులది కాదు. ఆయన పెట్టిన వేలసార్ల అన్నం కన్నా, ఎవరో చెవిలో వేసిన ఒక్క మాటని తను ఎక్కువ నమ్మాడు.

"నేనేం తక్కువ తిన్నానా? నువ్వు అలిగావనుకున్నా. కబురు పెడదామని నోటి దాకా వచ్చేది. వెళ్లినవాణ్ని పిలవకూడదు, వాడంతట వాడే రావాలని ఇక్కడ ఇంకో పద్ధతి ఉందిగా. అది మాత్రం నేను పెట్టిందే" అన్నాడు తాత మెల్లగా. "నువ్వక్కడ, నేనిక్కడ, ఇద్దరం మర్యాదగా కూర్చుని ఏళ్లు గడిపేశాం. మనంత వెధవలు ఉంటారంట్రా?"

ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు. నిగార్ తిట్టుకుంటూ జావ తేవడానికి వెళ్లింది.

"ఇంతకీ తిప్పిందెవరు?" అని అడిగాడు తాత. ఇద్రీస్ చెప్పాడు. విని తాత చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "క్షమించమని అడిగాడ్రా పాపం, నోరు రాక చేత్తో అడిగాడు. ఆయన చేసిన మంచిపని నీకేం చేసిందో ఆయనకి తెలియనివ్వకు. మాటివ్వు."

ఇద్రీస్ మాటిచ్చాడు.

"ఇంకోటి. రేపట్నుంచి గుమ్మంలో చెప్పులు ఎవరూ సర్దొద్దు. ఎలా పడితే అలా పడుండనీ. మొహం చూపించి వెళ్లాలనుకున్నవాడు ఎలాగూ చూపిస్తాడు."

ఆ కంబళి కిందే, కొండ మీద మంచు పూర్తిగా కరగకముందే, ముహ్సిన్ తాత పోయాడు. అప్పుడు కూడా ఆయన చెయ్యి ఇద్రీస్ చేతిలోనే ఉంది.

ఖననానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. తురకలూ, రాళ్లు కొట్టే గ్రీకు రూమీలూ, ఆర్మీనియా రైతులూ, అందరూ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. తాత మాట ప్రకారం ఎవరూ సర్దలేదు. చెప్పుల మీద చెప్పులు పడి, బోర్లా పడి, ఒకడి జోడు మూడు చోట్ల దొరికేలా ఉంది. పద్ధతి తెలిసిన పాతవాళ్లు చూడలేక కళ్లు మూసుకున్నారు. వంగబోయినవాళ్లని నిగార్ గరిటె చూపించి ఆపింది.

హాజీ నుస్రత్ ఆలస్యంగా వచ్చాడు. మట్టి వేయడం అప్పటికే అయిపోయింది. గుమ్మంలో ఉన్నిరంగు మరకలున్న చెప్పుల జత ఒకటి తిరగబడి కనిపిస్తే, కంబళ్లాయనవే అయి ఉంటాయని, ఆ చలికాలం నుంచి చేసుకున్న అలవాటు కొద్దీ వంగి వాటిని వీధి వైపు తిప్పి పెట్టాడు. లేచి చూసేసరికి ఎదురుగా ఇద్రీస్ నిలబడి ఉన్నాడు.

వీధి వైపు తిరిగిన ఆ చెప్పుల్ని చూడగానే ఇద్రీస్ గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. ఇన్నేళ్ల భయం ఎక్కడికి పోతుంది.

ముసలాయన అతని మొహాన్నీ, నల్లబడ్డ చేతుల్నీ, మళ్లీ మొహాన్నీ చూశాడు.

"నువ్వేనా నాయనా? ఆ ఫకీరువి నువ్వేనా?"

"నేనే."

"నా మీద కోపంతోనే కదా వెళ్లిపోయావు?"

"లేదు హాజీగారూ. మీరు దులిపి పెట్టిన చెప్పులే వేసుకుని వెళ్లాను. మీ మీద కోపమేం లేదు. నాకే తొందరెక్కువ. ఎవర్నీ ఏమీ అడక్కుండా పోయాను, అంతే."

హాజీ నుస్రత్ అక్కడే నిలబడి ఏడ్చేశాడు. ఎన్నేళ్లుగానో దిగని బరువేదో దిగుతున్నట్టుంది మనిషిని చూస్తే. ఆయన అంగీ అంచులు మోకాళ్ల దాకా బురదలో నానిపోయి ఉన్నాయి.

ఇద్రీస్ గడప దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు.

"కాళ్లు తడిశాయా?" అని అడిగాడు.

తడిశాయి అన్నట్టు తలూపాడు ముసలాయన. ఇద్రీస్ ఆయన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, కింద కూర్చుని ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒత్తడం మొదలుపెట్టాడు. నిగార్ పెద్ద పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టి, చేతులు కడుక్కురమ్మని ఇద్దర్నీ కసిరింది.